వేసవి సీజన్‌కి లడాఖ్ వెళ్లి పని చేయాలనుకునే బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సంక్రాంతి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు మెస్సుల్లో, హోటళ్లలో పనిచేసే మన పిల్లలే ఎక్కువ. మదనపల్లె, కదిరి, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చినవాళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నవాళ్లు కూడా అడుగుతుంటారు. నేను మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్సులో ఉల్లిపాయలు తరిగే హెల్పర్‌గా మొదలుపెట్టి, తర్వాత నాలుగు వేసవులు లడాఖ్‌లో పనిచేశాను. మొదటి రెండు పాంగాంగ్ సరస్సు దగ్గర టెంట్ క్యాంపులో, తర్వాతి రెండు లేహ్ ఊళ్లో హోటల్లో. ఫోన్‌లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది. అందుకని అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అన్నా, అసలు అక్కడ మనకేం పని ఉంటుంది?

చలికాలంలో లడాఖ్ దాదాపు మూసుకుపోతుంది. టూరిస్టులు ఏప్రిల్‌లో మొదలై, మే, జూన్, జులైలలో విరగబడి వచ్చి, సెప్టెంబర్ చివరికి పలచబడతారు. ఆ నాలుగైదు నెలల్లోనే అక్కడి హోటళ్లు, క్యాంపులు ఏడాది సంపాదనంతా చూసుకోవాలి. స్థానికంగా జనం తక్కువ కాబట్టి బయటి నుంచి మనుషుల్ని పిలిపించుకుంటారు. నేపాల్, బీహార్, ఝార్ఖండ్, హిమాచల్, డార్జిలింగ్ వైపు వాళ్లు ఎప్పటినుంచో వెళ్తున్నారు. మన తెలుగువాళ్లే తక్కువ.

వంటవాళ్లు, తందూర్ మాస్టర్లు, కిచెన్ హెల్పర్లు, సర్వీసు కుర్రాళ్లు, హౌస్‌కీపింగ్, రిసెప్షన్, క్యాంపు సూపర్‌వైజర్, బుల్లెట్ బైకుల మెకానిక్ పనులు ప్రధానం. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై నుంచి వచ్చే కుటుంబాలకి రెండో రోజుకల్లా నూడుల్స్, పరాఠాల మీద మొహం మొత్తుతుంది. ఇడ్లీ, దోసె, సాంబారు, నిమ్మకాయ పులిహోర చేతనైనవాడికి అక్కడ గిరాకీ ఉంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

జీతం బాగా ఇస్తారంటున్నారు. నిజంగా చేతికి ఎంత మిగులుతుంది?

ఫోన్‌లో చెప్పే అంకె చూసి బట్టలు సర్దుకోవద్దు. కాగితం తీసుకుని లెక్క వేయండి. ఒక ఉదాహరణ అనుకుందాం.

బెంగళూరులో మీకు నెలకి 22,000 వస్తోంది. పీజీకి 7,500, తిండి, బస్సు, ఫోన్ కలిపి 4,500 పోతే మిగిలేది 10,000. ఐదు నెలలకి 50,000. లడాఖ్‌లో 24,000 ఇస్తూ గది, మూడు పూటల భోజనం పెడుతున్నారు. మీ చేతి ఖర్చు 2,000 అనుకుంటే నెలకి 22,000, ఐదు నెలలకి 1,10,000. అందులో రానుపోను ప్రయాణానికి 12,000, చలి బట్టలకి 8,000 తీసేస్తే 90,000. అంటే జీతంలో తేడా రెండు వేలే అయినా, మిగులులో తేడా 40,000. గదికీ తిండికీ ఖర్చు లేదు, క్యాంపుల దగ్గర ఖర్చు పెట్టడానికి దుకాణమే ఉండదు, అదే అసలు లాభం.

కానీ బెంగళూరులో మీ ఓనరే గది, భోజనం ఇస్తున్నాడనుకోండి. అప్పుడు చేతి ఖర్చు 2,000 పోను ఇక్కడే ఐదు నెలల్లో లక్ష మిగులుతుంది. అదే 24,000కి లడాఖ్ వెళ్తే పదివేలు నష్టం! ఈ స్థితిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది, నెలకి కనీసం ఏడెనిమిది వేలు ఎక్కువ వస్తేనో, రానుపోను చార్జీలు వాళ్లే పెట్టుకుంటేనో తప్ప కదలొద్దని. చార్జీలు అడగడానికి మొహమాటపడకండి. సీజన్ చివరిదాకా ఉంటే తిరుగు టికెట్ ఇచ్చే ఓనర్లు ఉన్నారు. అడిగినవాడికే ఇస్తారు.

టిప్పులు లెక్కలో వేసుకోవద్దు. సర్వీసులో ఉన్నవాళ్లకి వస్తాయి. కిచెన్‌కి పంచుతారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

ఫిబ్రవరి, మార్చి. ఏప్రిల్ సగానికల్లా మంచి చోట్లన్నీ నిండిపోతాయి. మేలో అడిగేవాడికి ఎవరో మధ్యలో వదిలేసి వెళ్లిన పని దొరుకుతుంది. ఎందుకు వదిలేశాడో మాత్రం ఆరా తీయండి.

ఎక్కడ అంటే, ముందు మీ కిచెన్‌లోనే. మీ పక్కన తందూర్ దగ్గర నిలబడే నేపాలీ దాజునో (వాళ్ల భాషలో అన్న), డార్జిలింగ్ కుర్రాడినో అడగండి. వాళ్ల అన్నో, మేనమామో లేహ్‌లో ఉండకపోతే నేను ఆశ్చర్యపోతాను. నాకూ మొదటి పని అలాగే దొరికింది. రెండోది, గూగుల్ మ్యాప్‌లో లేహ్, నుబ్రా లోయ, పాంగాంగ్ హోటళ్ల నంబర్లు తీసుకుని నేరుగా ఫోన్ చేయడం. చలికాలంలో ఓనర్లకి తీరిక ఉంటుంది, మాట్లాడతారు. ముప్పై ఫోన్లు చేస్తే నాలుగైదు చోట్ల మాట ముందుకు సాగుతుంది. మూడోది, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో చదివేవాళ్లు తమ ప్లేస్‌మెంట్ సార్‌ని అడగడం. వేసవి శిక్షణ కింద పంపే వీలుంటే సర్టిఫికెట్ కూడా చేతికొస్తుంది.

నాకు వంట రాదు. హెల్పర్‌గా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ డబ్బు కోసమైతే వద్దు. హెల్పర్ జీతం అక్కడా ఇక్కడా పెద్ద తేడా ఉండదు. ఒక ఏడాది బెంగళూరులోనే ఏదో ఒక సెక్షన్ గట్టిగా నేర్చుకుని వెళ్లండి. తందూర్ పట్టుబడిందంటే మీ మాటకి విలువ వస్తుంది.

నేను దోసె మాస్టర్ని. అక్కడ వంటలో తేడా ఉంటుందా?

ఈ ప్రశ్న అడిగినవాడిని నేను కూర్చోబెట్టి మరీ చెబుతాను. ఎందుకంటే మొదటి వారం నేను చేసిన పప్పు ఎవరూ తినలేకపోయారు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. సుమారు ప్రతి 300 మీటర్లకీ ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాంగాంగ్ ఒడ్డున, 4,200 మీటర్ల పైన, 86 దగ్గరే. గిన్నెలో నీళ్లు కుతకుతమంటుంటాయి గానీ లోపల అన్నం పలుకుగానే ఉంటుంది. మంట పెంచితే నీళ్లు ఇగిరిపోతాయే తప్ప వేడి పెరగదు. కాబట్టి అక్కడ ప్రెషర్ కుక్కరే దిక్కు. కందిపప్పు గంటైనా నానబెట్టి, ఇక్కడ మూడు విజిళ్లు పెట్టేచోట ఐదారు పెట్టాలి. రాజ్మా, శనగలు ముందురోజు సాయంత్రమే నానాలి. కుక్కర్ గాస్కెట్లు మీ సంచిలో నాలుగు వేసుకెళ్లండి. పాంగాంగ్ దగ్గర గాస్కెట్ పోతే ఆ రోజు పప్పు లేనట్టే.

దోసె పిండి ఇంకో కథ. జూన్‌లో కూడా అక్కడ రాత్రులు చలే. బెంగళూరులో రాత్రి రుబ్బితే పొద్దునకి పొంగే పిండి అక్కడ ఉలకదు, పలకదు. నేను చేసిన పని ఏమిటంటే, గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, మెంతులు కాస్త ఎక్కువ వేసి, గిన్నెని పాత రజాయిలో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో వేడినీళ్ల సీసాల మధ్య పెట్టేవాణ్ణి. రాత్రి పడుకునే ముందు ఒకసారి సీసాలు మార్చాలి. పద్దెనిమిది గంటలు ఇవ్వాలి. అంటే రేపటి దోసెకి ఈ మధ్యాహ్నమే రుబ్బాలి. నిన్నటి పిండి ఒక గరిటెడు దాచి కొత్తదాంట్లో కలిపితే ఇంకా నయం.

పునుగులు, వడలు వేసేటప్పుడు మంట తగ్గించండి. పిండిలో తేమ త్వరగా ఆవిరై పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. చింతపండు, కరివేపాకు పొడి, ఇంగువ, సాంబారు పొడి బెంగళూరు నుంచే తెప్పించమని ఓనర్‌కి ముందే జాబితా ఇవ్వండి. తాజా కరివేపాకు మీద ఆశ వదులుకోండి.

పొద్దున్నే చలికి సిలిండర్‌లో గ్యాస్ ఒత్తిడి పడిపోయి స్టవ్ మంట సన్నబడుతుంది. సిలిండర్‌ని రాత్రి నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి గోనెసంచి చుడితే కాస్త నయం. కింద మంట మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఆ పని చేయబోయినవాణ్ణి నేను చేయి పట్టుకుని లాగేశాను.

అక్కడ ఊపిరాడదంటారు. నిజమేనా?

నిజమే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుకుంటున్నాను. లేహ్‌లో ఒక్కో ఊపిరికి మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. వయసు, కండబలం ఇక్కడ లెక్కలోకి రావు. రోజూ జిమ్‌కి వెళ్లే పాతికేళ్ల కుర్రాడు వాంతులు చేసుకుంటూ పడిపోవచ్చు.

విమానం దిగినవాళ్లు మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. బాగానే ఉంది కదా అని మెట్లెక్కడాలు, సామాన్లు మోయడాలు వద్దు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదని డాక్టర్లు చెబుతారు. ఈ లెక్కన మూడో రోజే పాంగాంగ్ క్యాంపుకి ఎక్కించేస్తానన్న ఓనర్ మాట వినొద్దు. ఇంకో రెండు రోజులు లేహ్ హోటల్లో పని చెప్పమనండి. ఒప్పుకోకపోతే ఆ పని మీకు వద్దు.

తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, వికారం, నిద్రపట్టకపోవడం మొదటి గుర్తులు. అలాంటప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గులో గులాబీరంగు నురగ పడుతుంటే, తాగినవాడిలా అడుగులు తడబడుతుంటే, మాట తికమక పడుతుంటే ప్రాణం మీదికొచ్చిందని అర్థం. అర్ధరాత్రైనా సరే కిందికి దించాలి, ఆసుపత్రికి చేర్చాలి. లేహ్‌లో ఎస్.ఎన్.ఎం. ఆసుపత్రి పెద్దది, ఎత్తు జబ్బులు వాళ్లకి రోజువారీ పని. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రలు వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందు మీ డాక్టర్నే అడగండి. గుండె జబ్బు, తీవ్రమైన ఉబ్బసం, సికిల్ సెల్ అనే రక్తజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ సరేనంటే తప్ప టికెట్ కొనొద్దు.

ఇంకొకటి. చలికి తట్టుకోలేక మూసిన టెంట్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. నిద్రలోనే పోతారు. ఇంకో రెండు దుప్పట్లు అడగండి, ఇవ్వకపోతే ఇద్దరు ముగ్గురు ఒకే టెంట్‌లో పడుకోండి.

ఎలా వెళ్లాలి? విమానమా, రోడ్డా?

బెంగళూరు నుంచి ఢిల్లీకి రైలు, ఢిల్లీ నుంచి లేహ్‌కి విమానం అయితే డబ్బు, సమయం రెండూ కలిసొస్తాయి. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు మీదుగానే పోతుంది కాబట్టి ఇంటికెళ్లి అమ్మ చేతి పచ్చడి తీసుకుని అక్కడే ఎక్కొచ్చు. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున పూటే ఉంటాయి. మధ్యాహ్నానికి లోయలో గాలులు పెరుగుతాయి.

శరీరానికి మంచిది మాత్రం శ్రీనగర్ రోడ్డు. 2025 జూన్ నుంచి జమ్మూ దగ్గరి కట్రాకీ శ్రీనగర్‌కీ మధ్య వందే భారత్ రైలు నడుస్తోంది. శ్రీనగర్ నుంచి సోనమర్గ్, జోజిలా కనుమ, ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్ 420 కిలోమీటర్ల చిల్లర. కార్గిల్ ఎత్తు 2,700 మీటర్ల లోపే. అక్కడ ఒక రాత్రి పడుకుంటే ఒంటికి అలవాటు అవుతుంది. మనాలీ రోడ్డు అందంగా ఉంటుంది గానీ, దారిలో రాత్రి ఆగే సర్చూ 4,000 మీటర్ల పైన ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ఆ దారి చెప్పను. పైగా అది మే, జూన్ దాకా మంచుతో మూసే ఉంటుంది.

డబ్బు సరిగ్గా ఇస్తారా?

ఎక్కువమంది ఇస్తారు. లడాఖీలు మాట మీద నిలబడే మనుషులని నా అనుభవం. కానీ నా మొదటి సీజన్‌లోనే దెబ్బ తిన్నాను. క్యాంపుని లీజుకి తీసుకుని నడిపే ఒకాయన, “ఇక్కడ డబ్బు నీకెందుకు, చివర్లో ఒకేసారి ఇస్తా, ఇంటికి పట్టుకెళ్లు” అన్నాడు. మంచి మాటే కదా అనుకున్నాను. సెప్టెంబర్‌లో టెంట్లు విప్పేవేళకి ఫోన్ ఎత్తడం మానేశాడు. మూడు నెలల జీతంలో సగమే చేతికొచ్చింది. ఊళ్లో చెల్లెలి ఫీజు కట్టాల్సిన డబ్బు అది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

అందుకే చెబుతున్నాను. నెల నెలా, బ్యాంకు ఖాతాలోకి. ఇందులో రాజీ పడొద్దు. 2019 వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. సీజన్ చివరిదాకా ఉంటారో లేదోనని ఓనర్లకి భయం ఉండటం న్యాయమే. దానికి చివర్లో బోనస్ పెట్టుకోవచ్చు, జీతం ఆపకూడదు.

బయల్దేరే ముందు వాట్సాప్‌లో ఈ సంగతులన్నీ రాయించుకోండి: ఏ పని, ఏ ఊళ్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నెలకి ఎంత, ఏ తేదీన, భోజనం, గది, చార్జీలు ఎవరివి, వారానికి సెలవు ఉందా, జబ్బు చేస్తే కిందికి దించే ఖర్చు ఎవరిది. మీరే రాసి పంపి, “సార్, ఇది సరేనా?” అని అడగండి. “సరే” అన్న ఒక్క ముక్క జవాబు మీ దగ్గర ఉంటే లేహ్‌లో కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లినా మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. నా దగ్గర అప్పుడు ఏమీ లేదు.

ఏజెంట్ రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్నాడు. కట్టాలా?

వద్దు. యూనిఫాం డిపాజిట్ అన్నా, మెడికల్ అన్నా, ఏ పేరుతోనైనా వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు ఎవరి దగ్గరా వదలొద్దు.

నేను క్యాబ్ డ్రైవర్ని. మన బండి తీసుకెళ్లి తిప్పొచ్చా?

కుదరదు. బయటి రాష్ట్రాల ట్యాక్సీల్ని, అద్దె బైకుల్ని లోకల్ సైట్‌సీయింగ్‌కి అక్కడి యూనియన్లు తిప్పనివ్వవు. ఆ కొద్ది నెలలే వాళ్ల బతుకు కాబట్టి వాళ్ల పట్టుదల నాకు సబబుగానే అనిపిస్తుంది. బుల్లెట్ మెకానిక్ పని తెలిసినవాళ్లకి మాత్రం బైక్ టూర్ల వెంట వెళ్లే పని దొరుకుతుంది, మంచి జీతం కూడా.

హిందీ రాదు. కష్టమా?

కిచెన్ హిందీ చాలు. బెంగళూరులో ఆరు నెలలు పనిచేసినవాడికి అది వచ్చే ఉంటుంది. ఎవరు ఎదురుపడ్డా “జూలే” అనండి. నమస్కారం, ధన్యవాదాలు, వెళ్లొస్తాను, అన్నిటికీ అదే మాట. పెద్దవాళ్లని అమా-లే, ఆబా-లే అని, మీకన్నా కాస్త పెద్దయితే ఆచో అని పిలవండి. మా హోటల్ ఓనర్ వాళ్లమ్మ నన్ను సొంత మనవడిలా చూసుకోవడం ఆ పిలుపుతోనే మొదలైంది.

ఆడపిల్లలు వెళ్లొచ్చా?

వెళ్తున్నారు. రిసెప్షన్, హౌస్‌కీపింగ్, బేకరీ పనుల్లో చూశాను. అక్కడ ఆడవాళ్లు దుకాణాలు, గెస్ట్‌హౌస్‌లు ధీమాగా నడుపుతారు. తిన్లాస్ చోరోల్ అనే ఆవిడ 2009లో పూర్తిగా ఆడవాళ్లతోనే నడిచే ట్రావెల్ కంపెనీ పెట్టారు. అయినా మొదటి సీజన్ లేహ్ ఊళ్లోనే చేయండి, దూరపు క్యాంపులు వద్దు. లోపల గడియ ఉన్న విడి గది ఫొటో తెప్పించుకోండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ఒక అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాకే ఒప్పుకోండి.

మా సిమ్ అక్కడ పనిచేస్తుందా?

ప్రీపెయిడ్ అయితే చేయదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడాఖ్‌లో మూగబోతాయి. బ్యాంకు ఓటీపీ కూడా రాదు. వెళ్లే ముందే బెంగళూరులో పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. పాంగాంగ్ వైపు అదీ అంతంతమాత్రమే. ఆదివారం ఫోన్ రాకపోతే గాభరా పడొద్దని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.

ఏమేం తీసుకెళ్లాలి?

లోపల వేసుకునే థర్మల్స్ రెండు జతలు, ఉన్ని టోపీ, మంచి బూట్లు, నల్ల కళ్లద్దాలు, పెదాలకి పూసుకునే క్రీమ్, కొబ్బరినూనె. అక్కడి ఎండ చల్లగా ఉంటూనే చర్మం ఒలిచేస్తుంది. పెద్ద జాకెట్ ఇక్కడ కొనొద్దు, ఢిల్లీలోనో లేహ్ బజార్లోనో చవక. ఆధార్ జిరాక్సులు పది, ఫొటోలు పది. కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైట్ సేవా సింధులో దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా దగ్గర ఉంచుకోండి, మంచి హోటళ్లు అడుగుతాయి. పాంగాంగ్, నుబ్రా వైపు వెళ్లడానికి కావాల్సిన కాగితాలు ఓనర్‌నే చేయించమనండి.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా తప్పకుండా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. నామినీగా అమ్మ పేరు రాయించి ఆ కాగితం ఆమె చేతికి ఇవ్వండి.

తిరిగొచ్చాక బెంగళూరులో మళ్లీ పని దొరుకుతుందా?

అక్టోబర్‌లో దిగుతారు కాబట్టి దొరుకుతుంది. దసరా, దీపావళి నుంచి కొత్త సంవత్సరం దాకా ఇక్కడ హోటళ్లకి చేతులు చాలవు. కొందరు అట్నుంచి అటే గోవా వెళ్లిపోతారు, అక్కడ సీజన్ అప్పుడే మొదలవుతుంది. మార్చి దాకా అక్కడుండి మళ్లీ లేహ్. నేను మాత్రం వెళ్లే ముందే పాత ఓనర్‌తో మాట్లాడుకునేవాణ్ణి. ఫలానా తేదీకి వస్తాను, నా స్థానంలో ఈ అబ్బాయిని పెట్టుకోండి అని మనిషిని కూడా చూపించి వెళ్లేవాణ్ణి. నాలుగేళ్లూ నా గరిటె నాకే తిరిగి దొరికింది. అలా నా బదులు నిలబడిన పిల్లల్లో ఒకడు ఈ ఏప్రిల్‌లో నుబ్రా వెళ్తున్నాడు, గాస్కెట్లు నేనే కొనిచ్చాను.